వ్రాసికొనుట - వెదకికొనుట



నేటి ప్రసంగవిషయము చదువుకొనువారి నోటుపుస్తకము. కాగితపు పుస్తకమును గుఱించి కాక, కంప్యూటరులోను, చేతిలోని ఫోనులోను ఉండు నోటుపుస్తకమును గుఱించి మనవి చేయదలచితిని. కళాశాలలలో చదువు విద్యార్థులును, పరిశోధనలు సాగించు పండితులును తాము చదివినదానిని, విన్నదానిని, తమకు తోచినదానిని నేడు తఱచుగా ఇట్టి పుస్తకములలోనే వ్రాసికొనుచున్నారు. మన యిండ్లలోని పిల్లలు ఫోను చేతబట్టి కూర్చున్నప్పుడు అది ఆటయో చదువో పెద్దలకు చూచినంతనే తెలియదు. ఆట యైనచో మందలించుట పెద్దల పని. చదువైనచో అది మంచి చదువో కాదో విచారించుటయు పెద్దల పనియే. ఆ విచారణకు కావలసిన కొన్ని సంగతులను ఈ కొద్ది నిమిషములలో చెప్పెదను.

నోటుపుస్తకము చేయవలసిన పనులు మూడు. ఒకటి దాచుట. రెండవది, అడిగినప్పుడు తీసి యిచ్చుట. మూడవది, ఒకచోటి మాటను వేఱొకచోటి మాటతో కలిపి చూపుట. మొదటి పనిని కాగితము చక్కగా చేయును. అంతకు ముందు తాటియాకు చేసినది. రెండవ పనియందే చిక్కు కలదు. మీలో పలువురకు ఇది అనుభవములోని సంగతియే. పండ్రెండేండ్ల క్రిందట గట్టు తగవు తీర్చినప్పుడు వ్రాసికొన్న కొలతలు ఇంటిలోనే యుండును. కాని ఏ పెట్టెలో, ఏ పుస్తకములో, ఏ పుటలో నున్నవో తెలియదు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరెల్ల వెదకినట్లగును. అక్కఱకు అందని వ్రాత వ్రాయనిదానితో సమానమే గదా!

ఈ చిక్కు గొప్ప సేకరణలకును తప్పలేదు. కల్నల్ కాలిన్ మెకంజీ అను దొర కుంపిణీవారి సర్వే అధికారి. అతడు దక్షిణదేశమందలి ఊళ్లనుండి శాసనముల నకళ్లను, తాటియాకు గ్రంథములను, గ్రామచరిత్రలను చేర్పించెను. ఏలూరు వాస్తవ్యులైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనిలో అతనికి కుడిభుజములుగా నుండిరి. కరణముల యొద్దనున్న కవిలెలను, పెద్దల నోటిమాటలను ఆధారముగా గొని వ్రాసిన ఆ గ్రామచరిత్రలనే కైఫియతులందురు. మన ఊళ్ల పేర్లు, గుడులు, చెఱువులు, మాన్యములు వానియందు చేరియున్నవి. 1821లో మెకంజీ మరణించునాటికి ఆ సేకరణ మిక్కిలి పెద్దదయ్యెను గాని, అందేమున్నదో లోకమునకు తెలుపు అచ్చుపట్టిక లేదు. 1828లో హెచ్. హెచ్. విల్సన్ అను పండితుడు కలకత్తాలో దాని వివరణపట్టికను ప్రకటించెను. సేకరించుటకు ఎందఱి శ్రమ కావలెనో, సేకరించినదానిలో కావలసినదానిని చూపుటకును అట్టి శ్రమయే కావలెనని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఒక్కడే కూర్చుండి చదువుకొనువాడు ఇట్టి పట్టికను తనకు తానే యెట్లు కూర్చుకొనవలెను? దీనికి జర్మనీదేశపు పండితుడొకడు జీవితమంతయు పాటించిన పద్ధతి కలదు. అతని పేరు నిక్లస్ లూమన్. 1927లో జన్మించి 1998లో మరణించెను. మొదట ప్రభుత్వోద్యోగిగా నుండి, తరువాత బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడయ్యెను. తాను చదివిన గ్రంథములనుండి పనికివచ్చు భావమును తన మాటలలో చిన్న చీటీపై వ్రాసి, చీటీలను పెట్టెలలో వరుసగా నిలిపెడివాడు. ఇట్లు నలువది యేండ్లకు పైగా చేసి సుమారు 90,000 చీటీలు చేర్చెను.

ఆ చీటీలకు అతడు వేసిన సంఖ్యలు మన సర్వే నంబర్లను పోలియుండును. 45వ నంబరు పొలమును పంచినప్పుడు 45/1, 45/2 అనియు, దానిని మరల పంచినప్పుడు 45/1ఎ, 45/1బి అనియు వేయుట మీరెఱిగినదే. లూమనును అట్లే ఒక భావమునుండి మఱియొక భావము పుట్టినప్పుడు ప్రాత చీటీ వెనుకనే క్రొత్తదానిని ఉపసంఖ్యతో నిలిపెను. దూరముననున్న చీటీతో సంబంధము కనబడినచో దాని సంఖ్యను ఇందు వ్రాసెను. ముఖ్యమైన మాటలకు వేఱుగ ఒక పట్టిక నుంచెను. ఈ పెట్టెల సహాయమున అతడు ఏబదికి మించిన గ్రంథములను వ్రాసెను. ఆ చీటీలను నేడు ఆ విశ్వవిద్యాలయమే భద్రపఱచుచున్నది.

చీటీని చీటీతో కలుపు పనిని యంత్రముచేత చేయింపవచ్చునను ఊహ 1945లోనే పుట్టినది. అమెరికా శాస్త్రజ్ఞుడు వానెవర్ బుష్ ఆ సంవత్సరమున ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, బల్లవంటి యొక యంత్రమును వర్ణించెను. చదువరి తన గ్రంథములను, వ్రాతలను అందు సూక్ష్మఛాయాచిత్రములుగా దాచుకొని, ఒకదానినుండి మఱియొకదానికి బాటలు వేసికొనుననియు, ఏండ్లు గడచినను ఆ బాటవెంట మరల నడచి పోవచ్చుననియు చెప్పెను. ఆ యంత్రమును ఎవ్వరును కట్టలేదు. కాని ఆ యూహ నేటి కంప్యూటరులోని నోటుపుస్తకములకు పితామహునివంటిది.

నేడు ఇట్టి సాఫ్ట్‌వేరులు పెక్కు గలవు. మైక్రోసాఫ్టువారి వన్‌నోట్ 2003లోను, ఎవర్‌నోట్ 2008లోను, ఆబ్సిడియన్ 2020లోను జనులకు అందినవి. జొటెరో అనునది 2006లో అమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమున ఆరంభమైనది. పరిశోధకుడు చూచిన గ్రంథముల పేర్లను, గ్రంథకర్తలను, ముద్రణ సంవత్సరములను అది క్రమముగా నిలిపి, వ్యాసము చివర చేర్చవలసిన గ్రంథపట్టికను తానే కూర్చి యిచ్చును. దానిని వెల లేకయే వాడుకొనవచ్చును. పేర్లు వేఱైనను వీని పని యొక్కటియే. వ్రాసిన ప్రతి మాటను గుఱుతుంచుకొని, ఒక మాట అడిగినంతనే ఆ మాట యున్న చీటీలన్నిటిని క్షణములో ఎదుట పెట్టును. చీటీనుండి చీటీకి లింకు వేయనిచ్చును. వేలు మోపినంతనే ఆ చీటీ తెఱచుకొనును. ఛాయాచిత్రమును, పెద్దల కంఠధ్వనిని సైతము చీటీతో కట్టి యుంచును.

ఒక యుదాహరణము చెప్పెదను. కడప ప్రాంతమున పోరుమామిళ్ల చెఱువు కలదు. దానికి అనంతరాజసాగరమని పేరు. దానిని కట్టించినది విజయనగర రాజవంశీకుడైన భాస్కరుడు. 1369 నాటి శాసనము ఆ చెఱువునొద్ద కలదు. మంచి చెఱువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను ఆ శాసనము చెప్పుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, చౌటినేల యగుట, ఇరువురు రాజుల సరిహద్దున నుండుట, నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువై తావు విశాలమగుట, నేల తక్కువై నీరు మిక్కుటమగుట - ఇవి ఆ దోషములు.

చెఱువులను గుఱించి పరిశోధించు ఒక విద్యార్థిని ఈ శాసనపాఠమును గ్రంథాలయమున చదివినదనుకొందము. ఒక్కొక్క దోషమునకు ఒక్కొక్క చీటీ వ్రాసికొనును. పిమ్మట తన ఊరికి వచ్చి, నీరు పంచుటలో తల నెఱసిన నీరుగంటి నడుగును. చెఱువు నడుమ దిబ్బ పెరిగినప్పటినుండి చివరి తూము క్రింది మళ్లకు నీరు చాలుట లేదని ఆయన చెప్పును. ఆ మాటయు ఒక చీటీ యగును. ఆమె ఆ చీటీని 'నడుమ మెట్ట' అను శాసనపు చీటీతో కలుపును. ఆఱువందల యేండ్లకు పైబడిన శాసనమును, నిన్నటి నీరుగంటి మాటయు ప్రక్కప్రక్కన నిలిచి యొకదానినొకటి బలపఱచును. పరిశోధన యనగా ఇట్టి కలయికయే. కాగితముమీదను ఇది సాధ్యమే. కాని ఐదువందల చీటీలు చేరిన పిమ్మట ఈ రెండు చీటీలను ఒకచోటికి తెచ్చుట మనుష్యుని జ్ఞాపకమునకు కష్టము, యంత్రమునకు సులభము.

ఇంత చెప్పినను, తెలుగు వ్రాయువారికి ఇచ్చట కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు గలవు. యంత్రము అర్థమును చూడక అక్షరమును చూచి వెదకును. ఈ ప్రసంగము అచ్చున నున్నట్లు 'చెఱువు' అని శకటరేఫముతో వ్రాసిన చీటీ, 'చెరువు' అని వెదకినప్పుడు దొరకకపోవచ్చును. 'ఇల్లు' అని వెదకినచో 'ఇంటిలో' అని వ్రాసినది రాదు. మన సంధులవలనను ఇట్టి చిక్కు కలదు. 'ఆలయము' అని అడిగినచో 'శివాలయము' కనబడకపోవును. ఏలయన అచ్చుగా వ్రాసిన 'ఆ' వేఱు, గుణింతములోని దీర్ఘము వేఱని యంత్రము లెక్క. ఈ చిక్కునకు విరుగుడు సులభమైనదే. ప్రతి చీటీ చివర, ఆ చీటీ దేనిని గుఱించినదో తెలుపు రెండు మూడు గుఱుతుమాటలను ఎల్లప్పుడును ఒకే వర్ణక్రమముతో వ్రాయవలెను. చెఱువు సంగతులన్నిటికిని 'చెరువు' అనియే, గుడి సంగతులన్నిటికిని 'గుడి' అనియే గుఱుతు పెట్టినచో ఏ విభక్తిలో, ఏ సంధిలో మాట దాగియున్నను చీటీ చేతికి వచ్చును.

మఱియొకటి. కంప్యూటరు అక్షరములకు లోకమంతటికిని ఒకే లెక్క ఉండవలెనని యూనికోడ్ అను ఏర్పాటు జరిగినది. 1991లో వెలువడిన దాని మొదటి రూపమునందే మన తెలుగు లిపికి స్థానము దొరకినది. యూనికోడులో వ్రాసినది ఏ దేశమున, ఏ ఫోనులో తెఱచినను తెలుగుగానే యుండును, వెదకిన దొరకును. అంతకు పూర్వపు పద్ధతిలో చేసిన ముద్రణాలయముల అక్షరములలో వ్రాసినది కంటికి తెలుగైనను, యంత్రమునకు అర్థము లేని రోమను గుఱుతుల వరుస. అట్టి వ్రాతలను యూనికోడులోనికి మార్చి దాచుకొనుట విద్యార్థికి మేలు. ప్రాత దస్తావేజునకు ఛాయాచిత్రము తీసి యుంచినప్పుడును, అందేమున్నదో ఒక వాక్యము ప్రక్కన వ్రాయవలెను. చిత్రములోని చేవ్రాతను యంత్రము చదువునని నమ్మరాదు.

ఇక అసలైన ప్రమాదమును చెప్పవలసియున్నది. ఈ సాధనములలో ఒకచోటి వ్రాతను ఉన్నదున్నట్లుగా ఎత్తి మఱియొకచోట అతికించుట నిమిషములో జరుగు పని. దినమునకు నూఱు పుటలు అట్లు చేర్చి, చదువు పూర్తియైనదని తృప్తి పొందువారు గలరు. గాదె నిండినంత మాత్రమున కడుపు నిండునా? 2014లో అమెరికాలో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ అనువారు విద్యార్థులను పరీక్షించి యొక వ్యాసము ప్రకటించిరి. కంప్యూటరుపై వ్రాసికొన్నవారు ఉపన్యాసకుని మాటలను యథాతథముగా ఎక్కువగా ఎక్కించుకొనిరనియు, చేతితో వ్రాసికొన్నవారు భావమును అడుగు ప్రశ్నలకు మేలుగా జవాబు చెప్పిరనియు అందు తెలిపిరి. 2019లోను, 2021లోను ఇతరులు ఆ పరీక్షను మరల జరిపినప్పుడు జవాబులలోని వ్యత్యాసము అంత స్పష్టముగ రాలేదు. కావున కలమే మేలు, కంప్యూటరే కీడు అని తీర్పు చెప్పుట తగదు. కాని విన్న మాటను విన్నట్లే ఎక్కించుకొనుటకు మీటలపై వ్రాయువారు సులభముగ లోనగుదురనుట ఆ తరువాతి పరీక్షలలోను కనబడినది. లూమన్ తన మాటలలో వ్రాసినందుననే ఆ చీటీలు అతనివైనవి.

నేడు మఱియొక సౌకర్యము వచ్చినది. కృత్రిమ మేధ యను యంత్రజ్ఞానము మన చీటీలను తానే చదివి సారాంశము చెప్పును. తీఱిక లేనివారికి ఇది ఆశ పుట్టించును. ఐనను అది చెప్పు సారాంశములో మూలమున లేని మాట నిజమువలె చేరుట కలదు. మూలమును తెఱచి సరిచూడనిదే దానిని ప్రమాణముగ గొనరాదు. సాక్షి లేని మాటను పంచాయతీలో ఎట్లు స్వీకరింపరో, మూలము చూడని మాటను చదువులోను అట్లే స్వీకరింపరాదు.

రెండవ ప్రమాదము, దాచిన చోటు మనది కాకపోవుట. ఈ సాధనములలో పెక్కింట వ్రాతలు వేఱొక దేశములోని వర్తకసంస్థవారి యంత్రములలో నుండును. గూగులువారు 2006లో గూగుల్ నోట్‌బుక్ అను సాధనమును వెలువరించి 2012లో మూసివేసిరి. అందలి వ్రాతలను తమ వేఱొక సాధనమునకు తరలించిరి గాని, వాడుకరులు ఏర్పఱచుకొన్న ఆ యిల్లు లేకపోయెను. ఎవర్‌నోట్ సంస్థ చేతులు మాఱిన పిమ్మట, 2023 చివరను, రుసుము చెల్లింపనివారు 50 చీటీలకు మించి క్రొత్తవి చేర్చరాదని నియమము పెట్టినది. వారి సాధనము వారి యిష్టము. అందు తప్పు పట్టుటకు లేదు. మన జాగ్రత్త మనకుండవలెను. సాదా అక్షరముల ఫైలుగా చీటీలను మన యంత్రములోనే ఉంచు సాధనములు గలవు. ఆబ్సిడియన్ అట్టిది. దానిని కట్టినవారు లేకపోయినను ఆ ఫైళ్లను ఏ కంప్యూటరైనను తెఱచి చదువగలదు. ఏ సాధనమును వాడుచున్నను, అందలి వ్రాతలన్నిటిని బయటికి తీసి వేఱుగ దాచుకొను మార్గమున్నదా యని మొదటనే విచారింపవలెను. నెలకొకసారి ఒక నకలు ఇంటి కంప్యూటరులోను, మఱియొక నకలు వేఱొక తావునను ఉంచవలెను. తాటియాకు గ్రంథము మనవఱకు వచ్చినదన్నచో, ఆకు చిరకాలముండుటవలన గాదు. ఆకు శిథిలమగు లోపల ఎవరో యొకరు ఓపికతో క్రొత్త ఆకుపై తిరుగవ్రాయుటవలన. ఫోనునకును ఇదే ధర్మము. అది నీటిలో పడవచ్చును, దొంగ చేతిలో పడవచ్చును.

నీరుగంటి చీటీని మరల తలచుకొనుడు. ఆయన చెప్పిన మాట ఏ గ్రంథమునందును లేదు. శాసనపు చీటీ పోయినచో శాసనము శిలపై నున్నది, దాని పాఠము అచ్చులో నున్నది. నీరుగంటి చీటీ పోయినచో, ఆయన కాలము చేసిన పిమ్మట, ఆ మాటను తెచ్చి యిచ్చువారు లేరు. మన పల్లెలలో ఇట్టి విద్య ఎంతయో పెద్దల జ్ఞాపకమునందు మాత్రమే నిలిచియున్నది. ఏ పొలమున ఏ వాగు నీరు పాఱెడిదో, ఏ విత్తనము ఏ కార్తెలో వేసెడివారో, ఊరి దిబ్బకు ఆ పేరేల వచ్చినదో చెప్పగలవారు నానాట తఱిగిపోవుచున్నారు. కైఫియతులనాడు ఆ మాటలను వ్రాసికొనుటకు ఒక కుంపిణీ యుద్యోగి మనుష్యులను జీతమిచ్చి పంపెను. నేడు ఆ పనికి కావలసిన సాధనము మీ మనుమల చేతిలోనే యున్నది. అడుగువాడును ఇంటిలోనే యున్నాడు, చెప్పువారును ఇంటిలోనే యున్నారు.

కావున మీ యింటి విద్యార్థి ఫోనులో నోట్సు వ్రాసికొనుచున్నాననినప్పుడు, దాపుననే కూర్చుండి మూడు ప్రశ్నలు వేయుడు. ఈ మాట నీకు ఎక్కడ దొరకినది? గ్రంథమైనచో పేరును పుటయు, మనుష్యుడైనచో ఆయన పేరును దినమును వ్రాసితివా, వ్రాయుటకు ఆయన సమ్మతి గొంటివా? ఇది మొదటిది. చదివినదానిని ఫోను మూసి నీ మాటలలో చెప్పగలవా? ఇది రెండవది. నీ ఫోను రేపు పోయినచో ఈ వ్రాత ఇంకెక్కడ దొరకును? ఇది మూడవది. ఈ ప్రశ్నలడుగుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. లెక్క ఒప్పగించువానిని అడుగు అలవాటు చాలును. మూడింటికిని జవాబు సరిగా వచ్చినచో వాని చేతిలోనిది నిజమైన నోటుపుస్తకమే. రానిచో కోపింపక మరల వ్రాయుమనుడు.

పిమ్మట మీకు తెలిసిన సంగతి నొకదానిని చెప్పి, మీ పేరుతోను, నేటి తేదీతోను అందు వ్రాయింపుడు. వ్రాసినదానిని మరల చదివించి వినుడు, తప్పున్నచో దిద్దింపుడు. దినమునకొక్క చీటీ యైనచో ఏడాదికి 365 చీటీలగును. ఊరి చరిత్ర వ్రాయదలచిన రేపటి విద్యార్థికి అంతకన్న విలువైన మూలధనము వేఱొకచోట దొరకదు.